పసుపు పూలు, ఏళ్ళ తరబడి నిలిచే మొక్కలు: బెంగళూరులో 3 అడుగుల గోడవారకి ఏవి?

గోడవార_మడి:
అందరికీ నమస్కారం. హొరమావు వైపు 30×40 ఇల్లు. పడమటి గోడకీ కాంపౌండుకీ మధ్య 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున నేల ఉంది. పక్క సైటు ఖాళీ కాబట్టి మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా ఎండ నేరుగా పడుతుంది. అక్కడ అంతా పసుపు పూలే ఉండాలి, ఏటా కొత్త నారు పోసే పని ఉండకూడదు అన్నది కోరిక.

పరిస్థితి ఇది. పైన అర అడుగు ఎర్రమట్టి, కింద ఇల్లు కట్టినప్పటి ఇటుకముక్కలు, సిమెంటు పెళ్ళలు. నీళ్ళు బోరువి, బకెట్‌కి తెల్లటి చార కడుతుంది. వెనక మూల డాబా మీది వాననీళ్ళ గొట్టం దిగుతుంది, వానొస్తే అక్కడ రెండు రోజులు తడి ఆరదు. గేటు వైపు చివర వీధిదీపం ఉంది. అక్కడున్న చామంతి గుబురుగా పెరిగింది కానీ మొగ్గ వెయ్యలేదు. పక్కనే ఉన్న అలమండకి కొత్త ఆకులు పాలిపోతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఇంట్లో పిల్లి ఉంది.

నెట్‌లో ‘హార్డీ పెరెన్నియల్’ అని చూసి రాసుకున్న జాబితా: డాఫొడిల్, ఫోర్సీథియా, రుడ్బెకియా, డే లిల్లీ, గోల్డెన్‌రాడ్. వీటిలో ఏవి కొనొచ్చు? మట్టికి ఏం చెయ్యాలి?

ఎర్రమట్టి:
ముందు ఆ ‘హార్డీ’ అనే మాట పక్కన పెట్టండి. ఆ జాబితాలు రాసేవాళ్ళ లెక్కలో హార్డీ అంటే మంచుకి చావనిది. మన ఊళ్ళో మంచు ఏదండీ! బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో 7.8 డిగ్రీలు. మామూలు జనవరిలో రాత్రి 15, 16 దగ్గర ఆగిపోతుంది. డాఫొడిల్ దుంప లోపలి పువ్వు సరిగా ఎదగాలంటే మూడు నెలలకి పైగా 9 డిగ్రీల లోపు చలి కావాలి. ఫోర్సీథియాకీ చలికాలం నిద్ర తప్పనిసరి. రెండూ ఇక్కడ ఆకు వేస్తాయి, పువ్వు వెయ్యవు. ఆ డబ్బు మట్టి మీద పెట్టండి.

రుడ్బెకియా సంగతి వేరే. దానికి అడ్డం చలి కాదు, పగటి పొడవు. అది పొడుగు పగళ్ళకి పూసే మొక్క. మన దగ్గర జూన్ 21న కూడా పగలు 13 గంటలకి కాస్త తక్కువే. అందుకే చాలాసార్లు నేలకి అతుక్కున్న ఆకుల చక్రంలా ఉండిపోయి, కాడ లేవదు. మీ వీధిదీపం కింద పెడితే పూస్తే పూయొచ్చు, నేనైతే దాన్ని నమ్ముకోను.

మన ఊరికి గట్టి మొక్క అంటే రెండు తట్టుకోవాలి: ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వేళ్ళ దగ్గర ఆరని తడి, ఆ తర్వాత మార్చి, ఏప్రిల్‌లో గోడ నుంచి కొట్టే వేడి. మొక్క చచ్చేది ఎక్కువగా మొదటిదాని వల్లే, కానీ చచ్చిన సంగతి బయటపడేది వేసవిలో. వానల్లో వేళ్ళు సగం కుళ్ళిపోయినా ఆకు నిలబడి ఉంటుంది. మార్చిలో ఎండ ముదిరేసరికి మిగిలిన సగం వేళ్ళు నీళ్ళు అందించలేవు. ‘ఎండకి పోయింది’ అనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు, ఉన్న వేళ్ళు కూడా పోతాయి.

కాబట్టి మట్టి. ముందు ఒక పరీక్ష: అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నిండా నీళ్ళు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, స్కేలు పెట్టి చూడండి. గంటకి అంగుళమో ఆపైనో దిగితే చాలు. నాలుగు గంటలైనా నాలుగు అంగుళాలు కూడా దిగకపోతే మడి ఎత్తు పెంచక తప్పదు.

ఇంటి గోడని ఆనుకుని మడి వెయ్యకండి. అర అడుగు వదిలేసి కంకర పొయ్యండి, వాలు కాంపౌండు వైపు ఉండాలి. లేకపోతే లోపలి గదిలో గోడ చెమ్మెక్కుతుంది. అంటే మీకు మిగిలే మడి 2.5 × 20, 50 చదరపు అడుగులు. ఒకటిన్నర అడుగు లోతు తవ్వి పెళ్ళలన్నీ తీసెయ్యండి, కానీ 20 అడుగులూ ఒకేసారి తెరవకండి. కాంపౌండు పునాదులు చాలాచోట్ల లోతు ఉండవు. నాలుగైదు అడుగులు తవ్వడం, నింపడం, అప్పుడు ముందుకి జరగడం.

నింపడానికి ఎర్రమట్టి మూడు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, ముతక ఇసుక అర పాలు. ఇసుక అంటే కాంక్రీటుకి వాడే ముతక రకం. ప్లాస్టరింగ్ ఇసుక వేస్తే పొడి దిగి మట్టి పలకలా గట్టిపడుతుంది. ఎమ్‌శాండ్ (రాళ్ళు పిండి చేసిన ఇసుక) దొరికితే ఒకసారి కడిగి వాడండి. పైన ఒక వరస ఇటుకలు పేర్చి మడిని 6 అంగుళాలు లేపండి, ఇంటి ప్లింత్ (లోపలి గచ్చు మట్టం) కంటే మాత్రం ఎత్తు పోకూడదు. వేపపిండి మొత్తం మడికి అరకిలో చాలు.

చామంతి_బుట్ట:
గోడవార_మడి గారూ, మీ చామంతికి జబ్బేమీ లేదు, దానికి నిద్ర లేదు. చామంతి రాత్రి చీకటి పొడవును లెక్కపెట్టుకుని మొగ్గ వేస్తుంది. రాత్రంతా దీపం వెలుగుతుంటే దాని లెక్కలో చీకటే పడలేదు. పాలీహౌసుల్లో చామంతి పండించేవాళ్ళు పూత ఆపాలనుకున్నప్పుడు కావాలనే రాత్రి బల్బులు వేస్తారు. మీకు ఆ పని వీధిదీపం ఉచితంగా చేసి పెడుతోంది. దాన్ని దీపానికి దూరంగా, ఆ వెలుగుకి ఇల్లు అడ్డం వచ్చే భాగానికి జరపండి, అంతే.

పసుపు చామంతిని ఏళ్ళ తరబడి నిలుపుకోవడం పిలకల మీద ఆధారపడి ఉంటుంది. పూత అయిపోయాక, జనవరి చివరో ఫిబ్రవరిలోనో, కాడల్ని నేల నుంచి 4 అంగుళాలు వదిలి కోసెయ్యండి. మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి. వేసవంతా ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట కుండీలో ఉంచండి. జూన్‌లో వేళ్ళున్న పిలకల్ని విడదీసి అడుగు దూరంలో నాటండి. పాత దుబ్బుని అలాగే వదిలేస్తే మధ్యలో చెక్కబారి, పువ్వు ఏటికేడాది చిన్నదవుతుంది. నాటిన నాలుగు వారాలకి తల తుంచాలి, కొత్త కొమ్మలు 4 అంగుళాలు కాగానే మళ్ళీ ఒకసారి. ఆగస్టు దాటాక తుంచకండి, తుంచితే మొగ్గని తుంచినట్టే.

వానల్లో కింది ఆకులకి నల్లమచ్చలు వచ్చి పైకి పాకుతాయి. మట్టి చిమ్మి ఆకులకి తగలడమే కారణం. కింద 4 అంగుళాల దాకా ఆకులు తీసెయ్యండి, నీళ్ళు మొదట్లో మాత్రమే పొయ్యండి. చిగుళ్ళకి నల్ల పేనుబంక పడితే వేళ్ళతో నలిపేసి నీళ్ళ ధార కొడితే సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కలవడానికి ఒకటి రెండు మి.లీ. ద్రవ సబ్బు, సాయంత్రం పూట.

పిల్లి ఉందన్నారు కాబట్టి డే లిల్లీ వద్దు. మామూలు లిల్లీలాగే అది కూడా పిల్లి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. ఆకు కొరికినా, పుప్పొడి ఒంటికి అంటుకుని నాకినా ప్రమాదమే. చామంతి ఆకు ఎక్కువ నమిలితే వాంతులవుతాయి, అంతటి ప్రమాదం మాత్రం కాదు. పసుపు కదా అని పచ్చగన్నేరు పెట్టాలనిపిస్తుంది, పూజకి బాగుంటుంది కూడా. కానీ ఆ చెట్టు మొత్తం విషమే, గింజ మరీనూ. పిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు.

(పిల్లి లేని ఇళ్ళవాళ్ళ కోసం: డే లిల్లీ కొనేటప్పుడు ఏడాదంతా ఆకు పచ్చగా ఉండే రకమే అడగండి. ఆకు రాల్చి పడుకునే రకాలు ఇక్కడ సరిగా పూయవు.)

మెట్ట_పైరు:
ఇంత కష్టం ఎందుకండీ, వెడీలియా తీగ నాలుగు ముక్కలు గుచ్చండి. నెలలో నేలంతా కప్పేస్తుంది, ఏడాదంతా పసుపు పూలు, నీళ్ళు కూడా అడగదు.

ఎర్రమట్టి:
నెలలో కప్పేస్తుంది, రెండో ఏడు మిగతా మొక్కల్నీ కప్పేస్తుంది. కణుపు నేలకి తగిలిన ప్రతిచోటా వేరేస్తుంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 దురాక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. పక్కన ఖాళీ సైటు ఉన్నచోట అసలు వద్దు.

వాన_చుక్క:
అలమండ ఆకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త ఆకు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. పాత ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని తక్కువని అనుకోవచ్చు, మీది అది కాదు. మట్టిలో ఇనుము లేక కాదు, ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. సిమెంటు పెళ్ళల సున్నం, బోరునీళ్ళ ఉప్పదనం కలిసి మట్టిని క్షారం వైపు లాగాయి, ఆ మట్టిలో ఇనుము కరగదు, వేరుకి అందదు. యూరియా వేస్తే ఇంకా పాలిపోతుంది.

వెంటనే చేయదగ్గది: లీటరు నీళ్ళలో 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ (అన్నభేది), 1 గ్రాము నిమ్మ ఉప్పు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి తర్వాత అన్నభేది వెయ్యండి, లేకపోతే బోరునీళ్ళలో తుప్పురంగు మడ్డి దిగిపోతుంది. వీలైతే వాననీళ్ళతోనే కలపండి. సాయంత్రం ఆకుల మీద పిచికారీ, పది రోజుల తేడాతో మూడుసార్లు. గోడకీ గచ్చుకీ పడితే మరక పోదు, అట్ట అడ్డం పెట్టుకోండి. మట్టిలో వెయ్యాలనుకుంటే ఈడీటీఏ అని రాసిన ఇనుము మందు కొనకండి, క్షారపు మట్టిలో అది నిలవదు. ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నది అడగండి. ఖరీదెక్కువే, కానీ అది పనిచేస్తుంది.

కొత్త ఆకు సరైన రంగులో వస్తే రోగం అదేనని రూఢి. పాలిపోయిన పాత ఆకు మాత్రం ఒక్కోసారి పూర్తిగా తేరుకోదు, దాన్ని చూసి మోతాదు పెంచకండి.

ఇక నీళ్ళ లెక్క. 50 చదరపు అడుగుల మడికి అంగుళం నీళ్ళంటే సుమారు 118 లీటర్లు. మట్టి ఒకటిన్నర అడుగు లోతు ఉంటే, కుదురుకున్న మొక్కలకి మార్చిలో వారానికి ఒకటిన్నర అంగుళం చాలు, రెండు విడతలుగా. రోజూ చెంబెడు చల్లితే వేళ్ళు పైపైనే తిరిగి, గోడ వేడికి ముందు మాడేవి అవే అవుతాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకి వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. అలాంటి వేసవి మళ్ళీ వస్తే రెండు వారాలు నీళ్ళు లేకుండా ఉండగలిగేవాటినే ముందు నాటుకోండి. 30×40 సైటులో కొత్తగా కట్టిన ఇల్లయితే వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి మీకు సంపు ఉండే ఉంటుంది. దాని నీళ్ళు ముందుగా అలమండకి. ఆర్వో నుంచి వదిలే నీళ్ళు మాత్రం రోజూ పొయ్యకండి, బోరునీళ్ళ ఉప్పే మరింత చిక్కబడి వస్తుంది.

గోడవార_మడి:
చాలా స్పష్టంగా చెప్పారు. మూడు సందేహాలు. తంగేడు నాటొచ్చా? మా అమ్మకి బతుకమ్మ నాటికి ఇంటి తంగేడు కావాలని కోరిక. గోల్డెన్‌రాడ్ పుప్పొడితో తుమ్ములు, ఉబ్బసం వస్తాయంటారు, నిజమేనా? తడి ఆరని మూలకి ఏది? మట్టిలో కోకోపీట్ కలపమని నర్సరీలో చెప్పారు, అదీ చెప్పండి.

ఎర్రమట్టి:
కోకోపీట్ కుండీలకి, డాబా మీద బరువు తగ్గడానికి. నేల మడిలో అవసరం లేదు. వానల్లో నీటిని పట్టుకుని కూర్చుంటుంది, మీ బాధే అది.

మూలకి మెట్టతామర, అదే కన్నా, పసుపు పొట్టి రకం. వేళ్ళ దగ్గర తడిని ఇష్టపడే మొక్క అది, మిగతావి కుళ్ళేచోట బలుస్తుంది. రెండు మూడు కళ్ళున్న దుంప ముక్క, కన్ను పైకి ఉండేలా 3 అంగుళాల లోతున, అడుగుంపావు దూరంలో. ఒక కాడ పూత ముగిశాక దాన్ని నేలమట్టానికి కోసెయ్యాలి, పక్కనుంచి కొత్తది వస్తుంది. పూతైన కాడని వదిలేస్తే దుబ్బు గుబురెక్కి పువ్వు తగ్గుతుంది. ఆకు చుట్టుకుపోయి కుట్టినట్టు కనిపిస్తే లోపల పురుగు ఉంటుంది. మందు అక్కర్లేదు, చుట్ట విప్పి చేత్తో తీసెయ్యండి. మూడేళ్ళకోసారి దుంపలు తవ్వి విడదియ్యాలి. పిల్లికి దీనితో ఇబ్బంది లేదు.

గోల్డెన్‌రాడ్ మీద ఆ నింద అన్యాయం. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు, తేనెటీగలు మోసుకుపోవాల్సిందే. విదేశాల్లో అదే కాలంలో పూసే ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్క చేసే పని దీని నెత్తిన పడింది. మన ఊళ్ళో తుమ్ములకి వెతకాల్సింది పక్క ఖాళీ సైటులో: వయ్యారిభామ. పూత రాకముందే, వాన పడి మట్టి మెత్తబడ్డప్పుడు వేరుతో పీకించండి, చేతికి తొడుగులు వేసుకుని.

గోల్డెన్‌రాడ్‌కి నిజమైన దోషం పాకడం. నేల కింద పిలక వేర్లతో ఏడాదికి అడుగు జరుగుతుంది. అడుగుభాగం కోసేసిన ప్లాస్టిక్ టబ్బుని 8 అంగుళాలు భూమిలోకి దించి, అంచు అంగుళం పైకి ఉంచి, అందులో నాటండి. పూత ముగిసిన కాడలు నేల దాకా కోస్తే కొత్త పిలకలు లేస్తాయి. పొట్టి పగళ్ళలో లేచిన పిలక కాడ సాగకుండా ఆకుల గుత్తిలా ఉండిపోతుంది. చచ్చిందనుకుని పీకకండి. ఎరువు ఎక్కువైతే నాలుగడుగులు ఎదిగి గాలికి పడిపోతుంది.

చామంతి_బుట్ట:
తంగేడు నిక్షేపంగా నాటొచ్చు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, దక్కను మెట్టల మీద నీళ్ళు లేకుండా బతికేది, మీ పడమటి గోడ దానికి లెక్కేం కాదు. కానీ నర్సరీ నుంచి పెద్ద మొక్క కొనకండి. తల్లివేరు లోతుకి దిగే మొక్క అది, సంచిలో వేరు చుట్టుకుపోయినది నేలలో పెట్టినా కుదురుకోదు. గింజే నయం. తోలు గట్టిది కాబట్టి గరుకు కాగితం మీద ఒక పక్క కాస్త రుద్ది, లేదా మరిగి దించిన నీళ్ళు పోసి, రాత్రంతా నానబెట్టండి. ఉబ్బిన గింజల్నే ఎంచి, జూన్‌లో ఉండాల్సిన చోటే అరంగుళం లోతున మూడేసి వెయ్యండి. జానెడు ఎదిగాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి కత్తిరించెయ్యండి, పీకితే ఉంచినదాని వేరు కదులుతుంది.

మొదటి ఏడాదే బతుకమ్మకి పూలు అందుతాయని మాత్రం అమ్మగారికి మాట ఇవ్వకండి. రెండో ఏడు నుంచి ఆశ పెట్టుకోండి. ఎరువు వద్దు, ఎరువేస్తే ఆకే. పూత ముగిశాక కాయలు ముదరకముందే మూడోవంతు కత్తిరిస్తే 4 అడుగుల్లో ఉంటుంది. ఆకుల్ని ఆకుపచ్చ గొంగళిపురుగులు తినేస్తే కంగారుపడకండి, అవి లేతపసుపు సీతాకోకచిలుకల పిల్లలు. కుదురుకున్న మొక్క మళ్ళీ చిగురిస్తుంది. చిన్న మొక్క మీదైతే చేత్తో ఏరెయ్యండి.

గాల్ఫీమియా పేరు ఎవరూ చెప్పలేదేం? ఈ గోడకి నా ఓటు దానికే. చిన్న చిన్న పసుపు గుత్తులు దాదాపు ఏడాదంతా, 4, 5 అడుగుల పొద, వేరు ఒకసారి దిగాక నీళ్ళ కరువుని ఓర్చుకుంటుంది. గోడకి అడుగున్నర ఎడంగా, మొక్కకి మొక్కకి మూడున్నర అడుగులు. పొద లోపల గాలి ఆడేలా ఫిబ్రవరిలో తేలిగ్గా కత్తిరిస్తే చాలు. మడి అంచున టర్నేరా పెట్టొచ్చు, పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుందని తెలిసే పెట్టండి. మీ మడికి ఎండ వచ్చే వేళకి దాని పని అయిపోతుంది. గింజల్ని చీమలు మోసుకెళ్ళి గచ్చు పగుళ్ళలో కూడా మొలిపిస్తాయి. అంచుకి గెయిలార్డియా పసుపు రకం ఇంకా నయం. నిజానికి ఏడాది మొక్కే, గింజ రాలి తనే వస్తుంది కాబట్టి మీకు నారు పోసే పని లేదు. వాడిన పూలు కోస్తూ ఉండండి, చివరి నెలలో మాత్రం గింజకి వదిలెయ్యండి.

టెకోమా వద్దనే అంటాను. రెండున్నర అడుగుల మడిలో పన్నెండు అడుగుల పొద పెట్టి ఏటా దానితో కుస్తీ పట్టడం ఎందుకు. పొట్టి రకమని అమ్మితే తీసుకోవచ్చు, అయినా కాయలు ఎండకముందే కోసెయ్యాలి.

వాన_చుక్క:
ఒక్కటి మరచిపోతున్నారు. పక్క సైటులో ఇల్లు లేస్తే మీ ఎండ పోతుంది. తంగేడు, గాల్ఫీమియా అప్పుడు పూయవు. ఇప్పుడే ఆపకండి గానీ, పసుపు కొవ్వొత్తుల్లా పూసే పాకిస్టాకిస్ రెండు కుండీల్లో పెంచి ఉంచుకోండి. సగం నీడే దానికి ఇష్టం. జూన్‌లో నాలుగు కణుపుల ముదురు కొమ్మ, కింది రెండు కణుపులు మట్టిలో గుచ్చితే నెలలో వేరేస్తుంది. నీళ్ళు తగ్గితే ఆకు వెంటనే వాలుతుంది, పోసిన గంటలో లేస్తుంది. ఆ వాలడం చూసి పొయ్యండి, ముందు కాదు.

గోడవార_మడి:
అయితే మూలన మెట్టతామర నాలుగు దుంపలు, తర్వాత టబ్బులో గోల్డెన్‌రాడ్, మధ్యలో గాల్ఫీమియా రెండు, చామంతి, గేటు వైపు దీపం కింద తంగేడు ఒకటి. అంచంతా గెయిలార్డియా. తవ్వకం మేలో మొదలుపెడితే సరిపోతుందా?

ఎర్రమట్టి:
మే వానలు మొదలైతే గుంట తెరిచిన గోడ పక్క నీళ్ళు నిలబడతాయి. తవ్వకం, నింపడం ఏప్రిల్లోనే ముగించండి. మే వానలకి మట్టి రెండు మూడు అంగుళాలు కుంగుతుంది, ఆ లోతు మళ్ళీ నింపి జూన్‌లో నాటండి. కుంగకముందే నాటితే మొదళ్ళు గుంటలో పడి, నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. ఎండుటాకులు 2 అంగుళాలు పరిచేటప్పుడు మొక్క మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి, ఎర్రమట్టిలో చెదలు ముందు అక్కడే ఎక్కుతాయి.